కనిపించని విశ్వం, అగోచరం - రెండూ ఒకటేనా?

విశ్వాసుల గుణగణాలను చెప్పేటప్పుడు దివ్యఖుర్ఆన్ అన్నిటికంటే ముందు ప్రస్తావించింది అగోచర విషయాలపై విశ్వాసాన్నే (2:3). నమాజు స్థాపన, దైవమార్గంలో ఖర్చు చేయడం ఆ తరువాతే వచ్చాయి. మనం అల్లాహ్‌ను చూడలేదు. దైవదూతలను చూడలేదు. సమాధిలో ఏం జరుగుతుందో, ప్రళయం తరువాత ఏం జరుగుతుందో చూసి వచ్చినవారు మన మధ్య ఎవరూ లేరు. అయినా నమ్ముతున్నాము. మన ధర్మపు కట్టడమంతా ఈ పునాది మీదే నిలబడి ఉంది. అలాంటి పునాది కింద ఎవరైనా కొత్త రాయి ఒకటి తెచ్చి పెడతామంటే, ఆ రాయి ఎంత గట్టిదో చూసుకోకుండా పెట్టనివ్వడం తెలివైన పని కాదు.

ఈ మాట ఎందుకు చెప్పవలసి వచ్చిందంటే, కొంతకాలంగా సెల్‌ఫోన్లలో ఒక రకం బయాన్లు తిరుగుతున్నాయి. విశ్వంలో మనకు కనిపించేది 5 శాతమేనని, మిగిలిన 95 శాతం కనిపించదని శాస్త్రజ్ఞులే ఒప్పుకున్నారట. కనిపించని ఆ 95 శాతమే ఖుర్ఆన్ చెప్పిన గైబ్ అట. జిన్నాతులు, మలక్‌లు ఉండేది అందులోనేనట. చివరికి సైన్సు ఖుర్ఆన్ ముందు తల వంచిందని ముగింపు. వినేవారు సుబ్‌హానల్లాహ్ అంటారు, నలుగురికి పంపుతారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్లో ఉండి ఎంట్రన్స్ పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్న ఒక అబ్బాయి జుమా నమాజు తరువాత మమ్మల్ని ఇదే విషయం అడిగాడు. "హజ్రత్, రేపు ఆ పదార్థం నిజంగానే ప్రయోగశాలలో దొరికి, దానికొక పేరు పెట్టి మా ఫిజిక్స్ పుస్తకంలో రాస్తే మలక్‌లు దొరికినట్టా? లేదు, అసలు అలాంటి పదార్థమే లేదని తేలితే మలక్‌లు లేనట్టా?" అని. ఆ బయాన్ ఇచ్చినవారికి తట్టని ప్రశ్న పదిహేడేళ్ళ పిల్లవాడికి తట్టింది. దానికి జవాబు వెతకాలంటే ముందు ఆ శాస్త్రజ్ఞులు నిజంగా ఏమన్నారో తెలుసుకోవాలి. విననిదాన్ని విన్నట్టు, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పవద్దని, చెవి, కన్ను, హృదయం అన్నిటినీ ప్రశ్నించడం జరుగుతుందని ఖుర్ఆన్ మనల్ని హెచ్చరించింది (17:36).

ఇస్ఫహాన్‌లో ఉండిన అబ్దుర్రహ్మాన్ సూఫీ అనే ముస్లిం ఖగోళ శాస్త్రవేత్త క్రీ.శ. 964 ప్రాంతంలో నక్షత్రాల మీద ఒక గ్రంథం రాశాడు. అందులో ఆకాశంలో ఒకచోట చిన్న మబ్బుతునక లాంటిది కనిపిస్తుందని గుర్తుపెట్టి చూపాడు. ఈనాడు దాన్ని ఆండ్రోమెడా గెలాక్సీ అంటున్నారు. అది మనకు సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న కోటానుకోట్ల నక్షత్రాల గుంపు. వెయ్యేళ్ళ తరువాత, 1970లో, వేరా రూబిన్ అనే మహిళా శాస్త్రవేత్త, ఆమె సహచరుడు కెంట్ ఫోర్డ్ అదే మబ్బుతునకను పరిశీలించి, అది తన చుట్టూ తాను ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచి ప్రకటించారు.

ఇందులో విశేషమేమిటో అర్థం కావాలంటే పొలాల్లో పిట్టలను తోలే వడిసెలను గుర్తుచేసుకోండి. రాయిని ఎంత వేగంగా తిప్పితే తాడును అంత బలంగా పట్టుకోవాలి. పట్టు చాలకపోతే రాయి ఎగిరిపోతుంది. సూర్యుడి ఆకర్షణ అలాంటి తాడే. దగ్గరగా ఉన్న బుధగ్రహం సెకనుకు సుమారు 47 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. దూరంగా, తాడు పట్టు సడలినచోట ఉన్న నెప్ట్యూన్ వేగం సెకనుకు 5 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. గెలాక్సీలో కూడా నడిమధ్యకు దగ్గరగా ఉన్న నక్షత్రాలు వేగంగా, అంచున ఉన్నవి నెమ్మదిగా తిరగాలి. కానీ అంచున ఉన్నవి కూడా దాదాపు అంతే వేగంగా తిరుగుతున్నాయి! కనిపిస్తున్న నక్షత్రాలన్నిటి బరువునూ కూడినా అంత వేగాన్ని పట్టి ఉంచే బలం రాదు. మరి అవి ఎగిరిపోకుండా పట్టి ఉంచుతున్నదేమిటి? కనిపించని పదార్థమేదో అక్కడ ఉండి ఉండాలి అన్నారు. నిజానికి 1933లోనే ఫ్రిట్జ్ జ్విక్కీ అనే శాస్త్రజ్ఞుడు ఒక గెలాక్సీల గుంపును చూసి ఇదే మాట అన్నాడు. చాలాకాలం ఎవరూ అంతగా పట్టించుకోలేదు. దీనికే డార్క్ మేటర్ అని పేరు. మన తెలుగు పత్రికలు కృష్ణ పదార్థం అని రాస్తున్నాయి. పేరును బట్టి అదేదో నల్లగా ఉంటుందనుకుంటాం గానీ, అది నల్లనిదీ కాదు, తెల్లనిదీ కాదు. కాంతితో దానికి సంబంధమే లేదు. వెలుతురు దానిలోంచి అడ్డు లేకుండా వెళ్ళిపోతుంది.

డార్క్ ఎనర్జీ సంగతి వేరు. బంతిని పైకి విసిరితే భూమి లాగుతుంది కాబట్టి దాని వేగం తగ్గుతూ పోవాలి. విశ్వం వ్యాపిస్తోందని 1929 నాటికే తెలుసు. అందులోని పదార్థమంతా ఒకదాన్నొకటి లాక్కుంటుంది కనుక ఈ వ్యాప్తి నానాటికీ నెమ్మదించాలని అందరూ అనుకున్నారు. 1998లో రెండు శాస్త్రజ్ఞుల బృందాలు, దూర గెలాక్సీల్లో పేలిపోయే నక్షత్రాలను కొలిచి చూస్తే, అవి అనుకున్నదానికంటే మసకగా, అంటే అనుకున్నదానికంటే దూరంగా ఉన్నాయని తేలింది. వ్యాప్తి నెమ్మదించడం మాట అటుంచి వేగం పుంజుకుంటోంది. విసిరిన బంతి పైకి పోయేకొద్దీ ఇంకా జోరందుకున్నట్టు! అలా నెడుతున్నదానికి పెట్టిన పేరే డార్క్ ఎనర్జీ. ఈ పరిశోధనకు 2011లో ముగ్గురికి నోబెల్ బహుమతి ఇచ్చారు. తరువాత ప్లాంక్ అనే ఉపగ్రహం తీసుకున్న కొలతల ప్రకారం మన శరీరాలు, భూమి, నక్షత్రాలు అన్నీ తయారైన మామూలు పదార్థం విశ్వంలో సుమారు 5 శాతం, కృష్ణ పదార్థం సుమారు 27 శాతం, కృష్ణ శక్తి సుమారు 68 శాతం. బయాన్లలో వినిపించే 95 శాతం లెక్క ఇక్కడిదే.

కృష్ణ పదార్థపు కణాన్ని పట్టుకోవాలని ప్రపంచంలో అనేకచోట్ల భూగర్భంలో పరికరాలు పెట్టి కూర్చున్నారు. మన దేశంలో జార్ఖండ్‌లోని జాదుగూడ యురేనియం గనిలో సుమారు 550 మీటర్ల లోతున కూడా ఇలాంటి ప్రయోగశాల ఏర్పాటైంది. ఇంతవరకూ ఎవరికీ ఆ కణం చిక్కలేదు. అంటే శాస్త్రజ్ఞులు చేసింది ఇంతే: ఒక ప్రభావాన్ని చూశారు, దానికొక కారణం ఉండాలన్నారు, ఆ కారణానికి తాత్కాలికంగా ఒక పేరు పెట్టి వెతుకుతున్నారు. ఎవరూ ఎవరి ముందూ తల వంచలేదు.

ఇప్పుడు గైబ్ అనే మాటకు వద్దాం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ డాబా ఎక్కి చూసినా రాత్రిపూట పట్టుమని పాతిక నక్షత్రాలు కనిపించవు. కోచింగ్ సెంటర్ల బోర్డులు, చీరల దుకాణాల లైట్లు, మెట్రో స్టేషన్ వెలుగు ఆకాశాన్ని కమ్మేస్తాయి. అదే ఎల్.బి.నగర్ చౌరస్తా నుండి సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం దాటి జాపాల్-రంగాపూర్ వైపు వెళితే ఆకాశమే వేరు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారు 48 అంగుళాల పెద్ద దుర్భిణీని 1968లో అక్కడికి తీసుకెళ్ళి పెట్టింది ఇందుకే. (ఆ విశ్వవిద్యాలయపు ఖగోళ శాఖకు మూలమైన నిజామియా అబ్జర్వేటరీ కూడా ఎల్.బి.నగర్‌కు అట్టే దూరం లేని ఫిసల్‌బండలో, నవాబ్ జఫర్ జంగ్ అనే ఒక ముస్లిం ఉమరా సొంత ఆసక్తితో 1901లో మొదలైనదే. మన పిల్లలకు ఈ సంగతి తెలిసినట్టు లేదు.) దిల్‌సుఖ్‌నగర్ వాసికి గైబ్‌గా ఉన్న నక్షత్రం రంగాపూర్ వాసికి గైబ్ కాదు. నిన్న గైబ్‌గా ఉన్న సూక్ష్మజీవి నేడు మైక్రోస్కోపు కింద గైబ్ కాదు. మన ధర్మపండితులు దీన్ని గైబె ఇజాఫీ అన్నారు. అంటే ఒకరికి మరుగై ఇంకొకరికి తెలిసేది, ఇవాళ మరుగై రేపు తెలిసేది. కృష్ణ పదార్థం, కృష్ణ శక్తి ఈ కోవలోకి వస్తాయి. అవి సృష్టిలోని వస్తువులు. బరువు, కొలత, ప్రభావం ఉన్నవి. వాటిని వెతికే దారి మనిషికి మూసి లేదు.

రెండోది గైబె హకీకీ, అసలైన అగోచరం. ఆకాశాల్లో, భూమిలో అల్లాహ్ తప్ప మరెవ్వరూ ఎరుగరని ఖుర్ఆన్ చెప్పింది దీని గురించే (27:65). ప్రళయ ఘడియ, దైవదూతల లోకం, బర్‌జఖ్, స్వర్గనరకాలు - వీటి గురించి అల్లాహ్ తన ప్రవక్తల ద్వారా ఎంత తెలిపాడో అంతే మనకు తెలుసు. దుర్భిణీ ఎంత పెద్దదైనా, గని ఎంత లోతైనదైనా ఇక్కడ పనికిరాదు. మలక్‌లు నూర్‌తో సృష్టించబడ్డారని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లిమ్‌లో ఉంది. నూర్‌తో పుట్టినవారిని తీసుకెళ్ళి వెలుతురుతో సంబంధమే లేని పదార్థంలో కూర్చోబెట్టిన మన వక్తల ధైర్యానికి ఆశ్చర్యపోవాలి!

ఈ రెండింటినీ కలిపేస్తే నష్టమేమిటి, జనానికి విశ్వాసం పెరుగుతోంది కదా అని కొందరు అంటారు. దీనికి జవాబు మహాప్రవక్త ముహమ్మద్ (స) జీవితంలోనే ఉంది. బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలు రెండింటిలోనూ నమోదైన సంఘటన ఇది. ఆయన కుమారుడు హజ్రత్ ఇబ్రాహీమ్ పాలు తాగే వయస్సులోనే కన్నుమూశారు. అదే రోజు సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త కుమారుడు చనిపోయినందుకే సూర్యుడు చీకటిపడ్డాడని మదీనా ప్రజలు అనుకోసాగారు.

ఒక్క క్షణం ఆలోచించండి. ఆ మాట ఎవరూ ఆయనతో బలవంతంగా అనిపించలేదు. జనం తమంతట తామే నమ్మారు. ఆయన నోరు తెరిచి అవునని కూడా అననక్కరలేదు, ఊరకుంటే చాలు. మదీనాలో లోపల ఒకటి బయట ఒకటిగా ఉన్న కపటులు సైతం ఆ రోజు వణికిపోయేవారేమో. పైగా అది బిడ్డను మట్టికిచ్చిన రోజు. ఆకాశం తన దుఃఖంలో పాలుపంచుకుందన్న మాట ఏ తండ్రి మనసుకు ఊరట కాదు? అయినా ఆయన (స) ఊరుకోలేదు. గ్రహణపు నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలని, ఎవరి చావుకో పుట్టుకకో వాటికి గ్రహణం పట్టదని, గ్రహణం చూసినప్పుడు నమాజు చేసి అల్లాహ్‌ను వేడుకోవాలని భావం వచ్చేలా ప్రసంగించారు. తన ప్రవక్త పదవికి అనుకూలంగా నడిచి వచ్చిన ఒక తప్పుడు రుజువును ఆయన వాకిట్లోనే వెనక్కి పంపేశారు. సత్యానికి అసత్యపు సాక్షి అక్కరలేదు. ఆ సాక్షి ఎంత అనుకూలంగా మాట్లాడినా సరే.

మరి ఆ ప్రవక్త అనుచరులమైన మనం రుజువుల కోసం ఇంత ఆత్రపడుతున్నామేమిటి?

కృష్ణ పదార్థం గురించి మాట్లాడే వక్తలు సాధారణంగా రెండు ఆయతులను ఆధారం చేసుకుంటారు. ఒకటి సూరె రఅద్ రెండవ ఆయతు. అల్లాహ్ ఆకాశాలను మీకు కనిపించే స్తంభాలు లేకుండా పైకెత్తాడని దాని భావం. కనిపించని ఆ స్తంభాలే కృష్ణ పదార్థమని వీరి వాదన. ఈ ఆయతుకు మొదటినుంచీ రెండు వివరణలు ఉన్నాయి. స్తంభాలు ఉన్నాయి గానీ మీకు కనిపించవు అన్నది హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తదితరుల నుండి వచ్చిన మాట. అసలు స్తంభాలే లేవు, అది మీరు చూస్తూనే ఉన్నారు అన్నది రెండోది. ఇబ్నె కసీర్ (రహ్మలై) మొగ్గు చూపింది ఈ రెండోదానికే. ఇద్దరూ అరబీ వ్యాకరణాన్ని బట్టి, అల్లాహ్ శక్తిని చాటేందుకే మాట్లాడారు. గెలాక్సీ అంచున నక్షత్రాల వేగం గురించి ఎవరూ మాట్లాడలేదు. పైగా కృష్ణ పదార్థం చేసే పని లోపలికి లాగి పట్టి ఉంచడం, పైకెత్తి నిలబెట్టడం కాదు. ఉపమానం కూడా సరిగా అతకలేదన్నమాట.

రెండోది సూరె జారియాత్ 47వ ఆయతు. ఆకాశాన్ని మేమే మా శక్తితో నిర్మించాము అన్న తరువాత వచ్చే 'మూసివూన్' అనే పదానికి విస్తరింపజేస్తున్నవారము అనే అర్థాన్ని ఈ కాలపు అనువాదకులు ఎక్కువగా రాస్తున్నారు. భాష ప్రకారం ఈ అర్థానికి చోటు ఉంది, మేము కాదనడం లేదు. అయితే పూర్వపు వ్యాఖ్యాతల్లో కొందరు ఆకాశాన్ని విశాలంగా చేశామని, కొందరు మేము అంతటి సమర్థులమని, మరికొందరు వర్షం ద్వారా ఉపాధిని విస్తృతపరుస్తామని అర్థం చెప్పారు. ఆ మహనీయులు ఖుర్ఆన్‌ను అర్థం చేసుకోలేదనీ, 1929లో దుర్భిణీ కొలత వచ్చాకే అర్థమైందనీ అనగలమా? ఆయతుకు ఒక అర్థం ఇలా కూడా కావచ్చు అనడం వేరు, అల్లాహ్ చెప్పదలచుకున్నది ఇదే అని ఖాయపరచడం వేరు. మొదటిది చదువు. రెండోది అల్లాహ్ మీద మన మాటను మోపడం.

శాస్త్రజ్ఞుల మాట మారదన్న హామీ కూడా ఎక్కడా లేదు. యురేనస్ గ్రహం లెక్క ప్రకారం నడవడం లేదని గమనించిన లెవెరియర్ అనే ఫ్రెంచి గణితవేత్త, కనిపించని గ్రహమేదో దాన్ని లాగుతోందని లెక్కగట్టాడు. 1846లో ఆయన చెప్పినచోటనే నెప్ట్యూన్ దొరికింది. ఆ ఉత్సాహంతో, బుధగ్రహం నడకలోని చిన్న తేడాకు కూడా కనిపించని మరో గ్రహమే కారణమని 1859లో ప్రకటించాడు. దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు. చూశామన్నవారు కూడా బయలుదేరారు! అలాంటి గ్రహమే లేదని, ఆకర్షణ సిద్ధాంతాన్నే సరిదిద్దుకోవాలని 1915లో ఐన్‌స్టీన్ చూపించాడు. మనిషి అదే, పద్ధతి అదే. ఒకసారి కనిపించనిది దొరికింది, ఒకసారి అసలు లేదని తేలింది. కృష్ణ పదార్థం నెప్ట్యూన్ అవుతుందా, వల్కన్ అవుతుందా? దాని పక్షాన సాక్ష్యాలు బలంగానే ఉన్నాయి, ఎక్కువమంది శాస్త్రజ్ఞులు అటే ఉన్నారు. కానీ ఆకర్షణ సూత్రాన్నే మార్చాలని మిల్‌గ్రోమ్ అనే శాస్త్రజ్ఞుడు 1983లో చేసిన ప్రతిపాదన మీద ఇప్పటికీ చర్చ సాగుతోంది. కృష్ణ శక్తి కాలంతోపాటు తగ్గుతోందేమోనన్న అనుమానాన్ని అమెరికాలోని డెసి అనే పరిశీలన 2024, 2025లలో లేవనెత్తింది. ఇంకా తేలలేదు. ఇంత కదులుతున్న నేల మీద మలక్‌లపై విశ్వాసాన్ని కట్టి, రేపు నేల జరిగినప్పుడు ఆ కట్టిన ఇంట్లో ఉండేది ఎవరు? ఆ బయాన్ ఇచ్చిన పెద్దమనిషి కాదు, కోచింగ్ సెంటర్ బెంచీ మీద కూర్చున్న మన పిల్లవాడు.

తొమ్మిది వందల ఏళ్ళ క్రితమే ఇమామ్ గజాలీ (రహ్మలై) 'తహాఫుతుల్ ఫలాసిఫా' ముందుమాటలో ఈ విషయాన్ని గ్రహణాల ఉదాహరణతోనే వివరించారు. గ్రహణం ఎందుకు పడుతుందో లెక్కతో రుజువైనాక, ధర్మాన్ని కాపాడుతున్నామనుకుని దాన్ని ఖండించేవాడు ధర్మానికే హాని చేస్తున్నాడని, తప్పుదారిలో ధర్మాన్ని సమర్థించేవాడి వల్ల కలిగే నష్టం దాన్ని విమర్శించేవాడి వల్ల కలిగే నష్టం కంటే ఎక్కువని ఆయన అభిప్రాయం.

ఇదంతా చదివి, అయితే ఈ శాస్త్ర విషయాలతో మనకు ప్రయోజనమే లేదా అని అనుకోవద్దు. కంటితో చూసిందే నమ్ముతాను, మిగతాదంతా మూఢనమ్మకం అనే యువకులు మన ఇళ్ళలోనూ తయారవుతున్నారు. అలాంటివారితో కూర్చుని ప్రశాంతంగా మాట్లాడవచ్చు: బాబూ, నువ్వు గౌరవించే శాస్త్రజ్ఞులే ఎవరూ చూడని, ఎవరికీ చిక్కని పదార్థాన్ని దాని ప్రభావాన్ని బట్టి ఒప్పుకుంటున్నారు కదా, మరి కనిపించకపోవడం ఒక్కటే లేకపోవడానికి రుజువు ఎలా అవుతుంది? మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మలై) 'అల్ ఇంతిబాహాతుల్ ముఫీదా'లో కొత్త చదువుల వారి సందేహాలకు జవాబుగా నిర్ణయించిన సూత్రాల్లో ఇదొకటి. ఒక వస్తువు ఉండాలంటే అది ఇంద్రియాలకు అందితీరాలన్న షరతు ఏమీ లేదు. ఈ మాట అక్కడివరకే చెప్పి ఆగాలి. తలుపు తెరవడానికి ఇది పనికొస్తుంది. తలుపు అవతల ఏముందో చెప్పేది మాత్రం వహీ, దాన్ని తెచ్చిన ప్రవక్త (స) సత్యసంధత. మన పెద్దలు మలక్‌లను నమ్మింది లెక్కలు వేసి కాదు, అబద్ధమాడని మనిషి చెప్పాడని నమ్మారు.

పిల్లలు అడిగే ప్రశ్నలకు కొందరు తల్లిదండ్రులు "తౌబా చేసుకో" అని నోరు మూయిస్తారు. మరికొందరు ఏదో ఒక జవాబు చెప్పకపోతే ధర్మం ఓడిపోతుందన్నట్టు ఫోన్లో వచ్చిన మాటను అప్పజెబుతారు. సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. కిందా తెగ వారి మధ్య ఒక వ్యక్తి ప్రళయదినాన రాబోయే పొగ గురించి ఏవేవో వర్ణిస్తున్నాడని హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె మస్‌వూద్ (రజి)కు తెలిసింది. ఆనుకుని కూర్చున్న ఆయన కోపంతో లేచి కూర్చున్నారు. తెలిసినవాడు చెప్పాలి, తెలియనివాడు అల్లాహ్‌కే తెలుసు అనాలి, తెలియనిది తెలియదనడం కూడా జ్ఞానంలో భాగమే అన్నారు. కృష్ణ శక్తి ఏమిటని కొడుకు అడిగితే, అది ఇంకా ఎవరికీ తెలియదు నాయనా, నువ్వు చదివి కనుక్కో అనడంలో తండ్రికి చిన్నతనం ఏమీ లేదు. మలక్‌లు ఎక్కడుంటారని అడిగితే, అల్లాహ్, ఆయన ప్రవక్త (స) చెప్పినంత చెప్పి, మిగతాది అల్లాహు అఅలమ్ అనడంలోనూ లేదు.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు దారి జాపాల్-రంగాపూర్ మీదుగా వెళ్ళింది. పట్టపగలు చీకటైతే, దుర్భిణీల దగ్గర శాస్త్రజ్ఞులు కొలతలు తీసుకున్నారు, ఎన్నో ఊళ్ళలో జనం భయంతో తలుపులు బిగించుకున్నారు. 2027 ఆగస్టు 2 నాటి సంపూర్ణ గ్రహణపు దారి జిద్దా, మక్కాల మీదుగా ఉంది. ఆ రోజు దగ్గరపడేకొద్దీ ఫోన్లలో ఏమేమి సందేశాలు తిరుగుతాయో ఊహించడం కష్టం కాదు. వాటిని నలుగురికీ పంపే ముందు మదీనాలోని ఆ గ్రహణపు రోజును గుర్తుచేసుకోవాలని, పిల్లలకు గ్రహణపు నమాజు ఇప్పటినుంచే నేర్పాలని మా మనవి. అది రెండు రకాతులు. అజాన్, ఇఖామత్ ఉండవు. ఖుర్ఆన్ పారాయణం సుదీర్ఘంగా ఉంటుంది. హనఫీల వద్ద మామూలు నమాజు మాదిరే రకాతుకు ఒక రుకూ, షాఫయీల వద్ద రకాతుకు రెండు రుకూలు. నమాజు తరువాత గ్రహణం పూర్తిగా విడిచేవరకు దుఆ, ఇస్తిగ్‌ఫార్‌లలో గడపాలి.